లోహంలో ఖాళీలున్నాయహో

ఒక్క కాగితం చదివి మూడు జిల్లాల మనుషులను ఒకే గదిలోకి తోలిన ఆడమనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఎందుకంటే ఆ రోజు తర్వాత చాలాకాలం నేను ముఖం నిండా కొంగు కప్పుకునే బజారుకు పోయాను. ఆ గదిలోనే మా కోడలి ఉద్యోగం కూడా ఉంది. దాన్ని నేనే నా చేతులతో తీసుకుపోయి కాగే నూనె మూకుడు అంచు మీద నిలబెట్టాను. చదువుతుంటే మీకు నవ్వొస్తుంది, నవ్వండి. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను పుట్టింది జఫర్‌గఢ్. బడి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. రోజూ దాని ముందు నుంచే బర్రెలను తోలుకుపోయేదాన్ని. బర్రెలైనా ఒకటి రెండుసార్లు లోపలికి పోయాయి గానీ నేను పోలేదు. పెళ్ళై భూపాలపల్లి వచ్చాను. మా ఇంటాయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నా జుట్టు సగం తెల్లబడ్డాక స్వప్న మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదివిన పిల్ల. ఊళ్ళో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేది. సాయంత్రాలు వంటింట్లో నా పక్కన కూర్చుని, సబ్బు కాగితాలూ చాపొడి పొట్లాలూ ముందేసి, నాకు అక్షరాలు దిద్దించింది.

అఆలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి. ఒత్తుల దగ్గర నా బండి ఆగిపోయింది. బస్సు నిండాక ఫుట్‌బోర్డు మీద వేలాడే మనుషుల్లా, అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుంటే నాకు కళ్ళు తిరిగేవి. "ఒత్తులు తర్వాత నేర్చుకుందాం అత్తమ్మా" అంది స్వప్న. తర్వాత అంటే అక్కర్లేదేమో అనుకున్నాను. ఒత్తున్న మాట ఎదురైతే, వాననీళ్ళ గుంతను దాటినట్టు ఒక్క గంతులో దాటి, అవతల పొడినేల మీద కాలు పెట్టేదాన్ని.

ఇలా గంతులు వేస్తూనే నేను బస్తీలో పెద్ద చదువరిని అయిపోయాను. పెళ్ళికార్డులు నా దగ్గరికే వచ్చేవి, కరెంటు బిల్లులు నా దగ్గరికే వచ్చేవి. నేను బస్సెక్కితే కిటికీలోంచి కనబడిన ప్రతి బోర్డునూ బస్సంతటికీ వినబడేలా చదివేదాన్ని. నన్నెవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికేముంది? పెళ్ళికార్డులో నేను ఒత్తులు దాటేసినంత మాత్రాన పెళ్ళి ఆగదు కదా.

ఇక స్వప్న ఉద్యోగం. ఏళ్ళ తరబడి అది టెంపరరీనే. ఆ ఎండాకాలంలో కాలేజీవాళ్ళు ఒకే ఒక్క పోస్టు పర్మినెంటు చేస్తామన్నారు. వరంగల్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చి ఈమె పాఠం వింటాడు. ఆయన బాగుందంటే ఆ కుర్చీ ఈమెది. బాగాలేదంటే జూన్‌లో వేరేవాళ్ళను తెచ్చుకుంటారు, ఈమె ఇంటికి రావాలి. ఆ మాట ముందే ముఖం మీద చెప్పేశారు. ఆ వారమంతా పిల్ల సరిగ్గా తిన్నది లేదు. వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ తనలో తానే ఏదో చెప్పుకునేది. ఏం పాఠం అంటే "డిఫెక్ట్స్ పాఠం" అనేది. పెసర్లు ఏరుతూ రాళ్ళు గిన్నెలో వేసి పెసర్లు పారబోసింది. అలాంటి మనిషి నాతో అన్న మాట ఒక్కటే.

"ఆ దినం గడబిడ గాకుంటె చాలు అత్తమ్మా. మిగిలింది నేను చూసుకుంట."

గడబిడ అనే మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

సోమవారం పొద్దున కూరగాయలకు పోతూ కాలేజీ గేటు ముందు ఆగాను. గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. ఇప్పుడు నాకు ఒత్తులన్నీ వచ్చు కాబట్టి, దాని మీద ఏముందో ఉన్నదున్నట్టు చెబుతాను: "శుద్ధ లోహ స్ఫటికాల్లో ఖాళీలు. వేడి పెరిగినకొద్దీ ఖాళీలు పెరుగుతాయి. గురువారం ఉదయం పది గంటలకు కాలేజీ హాలులో. ప్రవేశం అందరికీ ఉచితం. ఉపన్యాసం: స్వప్న."

ఆ రోజు గుంతలన్నీ దాటుకుంటూ నేను చదివింది ఇదీ: "లోహ. ఖాళీలు. వేడి పెరిగిన. ఖాళీలు పెరుగుతాయి. గురువారం ఉదయం పది గంటలకు కాలేజీ హాలులో. అందరికీ ఉచితం."

ఆఖరి మాట చూశారా? రెండే అక్షరాలు, రెండింటికీ ఒత్తులు. సొంత కోడలి పేరును గుంత అనుకుని దాటేశాను.

మా ఊళ్ళో 'ఖాళీలు' అంటే ఎలాంటి మాటో బయటివాళ్ళకు తెలియదు. బొగ్గుబాయి ఊరు ఇది. ఖాళీలు పడ్డాయట అని ఎవరైనా అంటే, అన్నం తింటున్న మనిషి చెయ్యి కడుక్కోకుండా లేచొస్తాడు. జిరాక్సు షాపు ముందు సందు నిండిపోతుంది. కాలేజీల్లో జాబ్ మేళాలు పెట్టడం కూడా మాకు కొత్త కాదు. నా బుర్రలో అన్నీ టకటకా అతుక్కున్నాయి. లోహ అనేది కంపెనీ. ఎండలు ముదిరాక ఇంకా పోస్టులు వేస్తారు. అందరికీ ఉచితం అంటే పైరవీ అక్కర్లేదు. కూరగాయలు మరిచిపోయి ఇంటికి ఉరికాను.

మా ఇంటాయన మంచం మీద పేపరు చదువుతున్నాడు. సంగతి చెప్పాను. ఆయన పేపరు దించి నన్ను చూశాడు.

"చదివింది నువ్వేనా?"

"నేనే."

"ఇంకెవలకన్న చూపిస్తివా?"

"ఎందుకు? నాకు కండ్లు లేవా?"

ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. ఆ మనిషి ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ మీకు చెప్పే అవసరం వచ్చేది కాదు. అందుకే ఈ నేరంలో ఆయనకూ కొంత వాటా రాసి పెట్టాను.

పక్కింటి లచ్చవ్వ కొడుకు వెల్డింగు నేర్చుకుని ఖాళీగా ఉన్నాడు. లచ్చవ్వ చెవిలో వేశాను. లచ్చవ్వ చెవిలో ఒక మాట వేయడమంటే మైకు ముందు దగ్గడమే. పొద్దుగూకేలోపు బస్తీ బస్తీకి తెలిసిపోయింది. అంతటితో ఆగానా? గార్లలో ఉన్న మా చెల్లెకు ఫోన్ చేశాను. వాళ్ళ కొడుకు నరేష్ ఐటీఐ ఫిట్టర్. జఫర్‌గఢ్‌లో మా తమ్ముడికి చేశాను, వాడి ఇంట్లో పని లేని పిల్లలు ఇద్దరు. వాళ్ళు వాళ్ళ దోస్తులకు చేశారు. ఆ దోస్తులు ఎవరెవరికి చేశారో ఆ దేవుడికే తెలియాలి.

స్వప్నను అడగలేదా అంటారా? అడిగాను. అదే ఇంకా పెద్ద ఖర్మ.

"బిడ్డా, గురువారం మీ కాలేజీల ఏమో ఉన్నదట గద?"

"ఔ అత్తమ్మా. నా పానమంత దాని మీదనే ఉన్నది."

ఆమె పోస్టుతో పాటు అందరి పోస్టులూ ఆ రోజే తేలుస్తారు కాబోలు అనుకున్నాను. "మస్తు మంది వస్తరా?" అన్నాను.

"వస్తె మంచిదే. హాలు నిండుగ ఉంటె వచ్చినోళ్ళు ఖుషీ అయితరు."

హాలు నింపడం నా వంతు అనుకుని, రాత్రి తృప్తిగా పడుకున్నాను.

గురువారం వచ్చింది. ఎండ పొద్దున్నే పెనం లాగా కాలుతోంది. స్వప్న పెందలాడే పోయింది. నరేష్ తెల్లారకముందే గార్లలో బయలుదేరి, మానుకోటలో ఒక బస్సు, వరంగల్లో ఒక బస్సు మారి, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే వచ్చాడు. జఫర్‌గఢ్ వాళ్ళు వచ్చారు. బస్తీవాళ్ళు వచ్చారు. అందరి చేతుల్లో ఫైళ్ళు, జేబుల్లో పాస్‌పోర్టు ఫోటోలు. నేను పట్టుచీర కట్టుకుని ముందు నడిచాను. పెళ్ళివారిని విడిదికి తీసుకుపోయే ఆడపడుచులా ఉన్నానని లచ్చవ్వ తర్వాత చాలామందికి చెప్పిందట.

హాల్లో ముందు వరుసలన్నీ మావాళ్ళతో నిండాయి. కాలేజీ పిల్లలకు కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ప్రిన్సిపాల్ లోపలికొచ్చి మమ్మల్ని చూశాడు. విద్యార్థుల తల్లిదండ్రులు అనుకున్నట్టున్నాడు, ముఖం వెలిగిపోయి రెండు చేతులూ జోడించాడు. మావాళ్ళు కంపెనీ సార్ అనుకుని లేచి నిలబడ్డారు. ఆయన వెనక తెల్లజుట్టు ప్రొఫెసరు వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. తర్వాత చాక్‌పీసు పట్టుకుని స్వప్న వచ్చింది.

నా గుండె ఉబ్బింది. "ఇంటర్వ్యూ చేసేది మా సప్ననే" అన్నాను లచ్చవ్వతో.

"మరి గా మాట ముందుగాల చెప్పవైతివి" అని లచ్చవ్వ తన కొడుకును మోచేత్తో పొడిచి, నెత్తి సరిచేసుకోమంది.

స్వప్న మమ్మల్ని చూసింది. ముందు నన్ను, తర్వాత నరేష్‌ను, తర్వాత మా తమ్ముడి పిల్లలను. చుట్టాలంతా తన పాఠం చూడ్డానికి ఇంత దూరం వచ్చారనుకుని కళ్ళు చెమర్చాయట, తర్వాత చెప్పింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఖాళీలు' అని రాసింది. హాలంతా కుర్చీల్లో ముందుకు జరిగింది.

"ఎంత శుద్ధమైన లోహమైనా సరే, అందులో ఖాళీలు ఉంటాయి" అంది స్వప్న.

మావాళ్ళు తలలూపారు. ఒకరిద్దరు పెన్నుల మూతలు తీశారు.

"వేడి చేసినకొద్దీ ఆ ఖాళీలు ఇంకా పెరుగుతాయి. ఎందుకు?"

నరేష్ చెయ్యెత్తి లేచాడు. "మేడం, ఐటీఐ ఫిట్టర్‌కు ఎన్ని ఉన్నయి?"

"ఏమిటి?"

"ఖాళీలు మేడం."

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. స్వప్న వాడేదో తెలిసీ తెలియక పాఠం మీదే అడిగాడనుకుంది. ఎన్ని అనేది వేడిని బట్టి ఉంటుందనీ, ఇంత వేడికి ఇన్ని అని లెక్క ఉంటుందనీ చెప్పింది. ఒక ఖాళీ ఒక్కచోటే కూడా ఉండదనీ, పక్కనున్న పరమాణువు వచ్చి అందులో కూర్చుంటే ఖాళీ ఆ పక్కకు జరుగుతుందనీ చెప్పింది.

"అంటె ట్రాన్స్‌ఫర్లు గూడ ఉంటయన్నట్టు" అన్నాడు లచ్చవ్వ కొడుకు పక్కవాడితో. వెనకున్న కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుతో నాకు మొదటిసారి అనుమానం తగిలింది. స్వప్న బోర్డు మీద గుండ్రాలు గీస్తోంది. వరుసగా, పక్కపక్కన, జొన్నకంకి గింజల్లా. మధ్యలో ఒక గుండ్రం చెరిపేసి, "ఇదే ఖాళీ" అంది. ఆ చెరిపేసిన చోటును నేనూ చూశాను, నరేషూ చూశాడు. వాడు మెల్లగా నా వైపు వంగాడు.

"పెద్దమ్మా. ఇది పాఠం."

"ఏం పాఠం?"

"ఫిజిక్సు పాఠం పెద్దమ్మా. ఇక్కడ నౌకరీల్లేవు. ఏం చదివినవు నువ్వు?"

ఆ మాట ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకింది. గుసగుస మాటైంది, మాట వేడెక్కింది. గిట్ల పిలిచి పరేషాన్ చేసుడేందని ఒకరు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని ఒకరు. నలుగురైదుగురు లేచి విసురుగా గోడ దగ్గరికి పోయారు. ప్రిన్సిపాల్ కూడా లేచాడు, ఆయన ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. ప్రొఫెసరు చేతిగడియారం చూసుకున్నాడు. స్వప్న చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగింది.

అప్పుడు చూసింది నా వైపు. తిట్టేలా చూసినా బాగుండేది. ఏం జరిగిందో మొత్తం అర్థమైనట్టు చూసింది. ఫైళ్ళు, ఫోటోలు, నా పట్టుచీర, బోర్డు మీద తన చేతిరాతతో ఖాళీలు అనే మాట. అందరూ లేస్తున్న చోట నేనొక్కదాన్నీ కుర్చీకి మేకు కొట్టినట్టు ఉండిపోయాను. ఆ పిల్ల అడిగిందల్లా గడబిడ కాకూడదనే కదా. గార్ల దాకా ఫోన్ చేసి మరీ గడబిడను పిలిపించాను.

స్వప్న విరిగిన చాక్‌పీసు కింద పెట్టింది. కొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఆమె మాట హాలంతా వినబడింది.

"అన్నలూ, తమ్ముళ్ళూ, జర ఆగుండ్రి. లేచినోళ్ళు లేచినట్టే ఉండుండ్రి. కూసున్నోళ్ళు కూసున్నట్టే ఉండుండ్రి."

ఎందుకో గానీ ఆగారు.

స్వప్న వెనకున్న విద్యార్థుల వైపు తిరిగింది. "ఇందాక ఈ వరుసలు ఎట్లున్నాయి? ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అది చల్లగా ఉన్న లోహం. పరమాణువులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి, కూర్చున్నచోటే కొంచెం కదులుతున్నాయి. ఇప్పుడు వేడెక్కింది. ఎందుకు వేడెక్కిందో మా ఇంటికి పోయినంక మాట్లాడుకుంటాం."

ఆ మాటకు గోడ దగ్గరున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. నా పక్కన లచ్చవ్వ దగ్గింది.

"వేడికి కొందరు ఉన్నచోట నిలవలేక లేచారు. హాలు దాటి పోయారా? లేదు. అంచుకు పోయి నిలబడ్డారు. మనుషులు అంతే మంది, ఒక్కరు తగ్గలేదు. కానీ లోపల ఖాళీలు పుట్టినాయి, అంచు ఇంకొంచెం బయటికి జరిగింది. వేడెక్కిన లోహం ఉబ్బడంలో దీనికీ కొంత పాత్ర ఉంటది." ఆమె నరేష్‌ను చూసింది. "నరేష్, నువ్వు జర నీ పక్క కుర్చీల కూసో."

వాడు గుర్రుగా చూస్తూనే జరిగాడు. ఇప్పుడు వాడి కుర్చీ ఖాళీ అయింది. వాడి వెనకతన్ని ఆ కుర్చీలోకి రమ్మంది. ఇంకొకరిని అతని కుర్చీలోకి పంపింది. చూస్తుండగా ఆ ఖాళీ కుర్చీ తానే నడుస్తున్నట్టు ముందు వరుస నుంచి వెనక వరుసకు పోయింది. కోపంతో వచ్చినవాళ్ళు కూడా ఇప్పుడెవరి వంతు అని చూస్తున్నారు.

ప్రొఫెసరు గొంతు సవరించుకుని, లోహాన్ని ఇంకా శుద్ధి చేస్తే ఈ లోపం పోదా అని అడిగాడు. ఇది పరీక్ష ప్రశ్నే అని నాకు కూడా తెలిసింది.

"పోదు సార్. మలినం బయటి నుంచి వచ్చేది, దాన్ని తీసేయొచ్చు. ఇది అట్ల కాదు. వేడి ఉన్నంతవరకు, ఎంత శుద్ధమైన లోహంలోనైనా కొన్ని ఖాళీలు ఉండే తీరతాయి. మెల్లగా చల్లారితే చాలావరకు సర్దుకుంటాయి. కాగిన లోహాన్ని ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే, బయటపడే తీరిక లేక లోపలే ఇరుక్కుపోతాయి."

నా సంగతి అచ్చం అదే. ఒక్కసారిగా చన్నీళ్ళు కుమ్మరించినట్టయి, కుర్చీలో ఇరుక్కుపోయి కూర్చున్నాను.

పాఠం అయిపోయింది. స్వప్నను లోపలికి పిలిచారు. మేమంతా వరండాలో నిలబడ్డాం. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు. ఒకసారి ప్రిన్సిపాల్ గొంతు పెరిగింది. ఒకసారి ఎవరో కుర్చీ గట్టిగా జరిపారు. నరేష్ నాతో మాట్లాడటం లేదు. నేను మాత్రం ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానన్నాను. మా బంగారం అంటే బెల్లమే, భయపడకండి.

తలుపు తెరుచుకుంది. స్వప్న బయటికొచ్చింది. ముఖంలో ఏమీ తెలియడం లేదు. నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అత్తమ్మా, ఆ సార్ ఏమడిగిండో ఎరికేనా? ముందు వరుసలోళ్ళకు ఎన్ని దినాలు ప్రాక్టీసు చేయించినవమ్మా అని అడిగిండు."

"నువ్వేమంటివి బిడ్డా?"

"మా అత్తమ్మ చూసుకున్నదని చెప్పిన." అప్పుడు నవ్వింది. "పర్మినెంటు చేసిన్రు."

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. తప్పయిందన్నాను. "శుద్ధమైన దాంట్ల గూడ ఖాళీలుంటయి అత్తమ్మా, ఇప్పుడే గద విన్నవు" అంది. అంత పెద్ద మనసు అందరికీ ఉండదు. లచ్చవ్వ మెట్ల దగ్గర కొడుకు ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. అన్నీ విని, తీరిగ్గా నా ముందుకొచ్చింది.

"మంచిగనే ఉన్నదక్కా నీ తెలివి. ఖాళీలున్నయని మూడు జిల్లాలోళ్ళను పిలిస్తివి. ఉన్న ఒక్క ఖాళీల నీ కోడల్నే కూసోవెడితివి."

నరేష్‌కు తర్వాత మానుకోటలోనే పని దొరికింది, వాడు నన్ను క్షమించాడు. బస్తీ మాత్రం నన్నిప్పటికీ 'లోహక్క' అనే పిలుస్తుంది.

ఆ రాత్రి నుంచే ఒత్తులు మొదలుపెట్టాను. మొదట నేర్చుకున్న మాట స్వప్న. తర్వాత ఒకరోజు అదే గేటు దగ్గర ఇంకో కాగితం కనబడింది. చుట్టూ జనం మూగి ఉన్నారు. ఈసారి గుంతలు దాటలేదు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ లోపలే చదువుకున్నాను: "లోహాల్లో స్థానభ్రంశాలు." ఓపెన్‌కాస్టు గని పెరిగినప్పుడల్లా ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయిన ప్రాంతం మాది. ఆ మాటను నేను గట్టిగా చదివితే సాయంత్రానికి సగం బస్తీ మూటలు కట్టేది. అడుగున చూశాను. ఉపన్యాసం: స్వప్న.

లచ్చవ్వ నా భుజం తట్టింది. "ఏం రాసిన్రక్కా?"

"నాకు చదువు రాదు చెల్లె" అన్నాను.

కాబట్టి చదువరులారా, పొయ్యిలో మండే భూపాలపల్లి బొగ్గు సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఏ గోడ మీది కాగితాన్నైనా ఆఖరి ఒత్తు దాకా చదువుతాను. అడుగున ఎవరి పేరుందో చూస్తాను. ఆ పేరు మా ఇంటిదైతే నోరు మూసుకుని ఇంటికి పోయి అన్నం వండుతాను. ఇది నా ఒట్టు. ఈ 'ఒట్టు'లో కూడా ఒక ఒత్తు ఉంది, చూసుకోండి. దాటలేదు.